తొమ్మిది నెలల సంపాదకుడు

యుద్ధము జరుగు చోట మూడు తెగలవారుందురు: కొట్టువారు, దెబ్బతినువారు, చూచి చెప్పువారు. మొదటి రెండు తెగలవారిని గూర్చి మన కవులు పర్వములకు పర్వములు వ్రాసిరి. మూడవ తెగకు చెందినవాడు భారతమునందు ఒక్కడే ప్రసిద్ధుడు, అతడు సంజయుడు. ఆతనికి దివ్యదృష్టి కలిగినదని మన విద్యార్థులందఱు నెఱుగుదురు. కాని అతని గొప్పతనము దివ్యదృష్టిలో లేదు. తాను ఎవని యన్నము తినుచున్నాడో ఆ ధృతరాష్ట్రునికే, ఈ చేటునకు మూలము నీవే యని మాటిమాటికి చెప్పగలిగిన నిర్భయత్వమునం దున్నది. శల్యపర్వమునందు సాత్యకి ఆ సంజయుని పట్టి చంపుటకు కత్తి యెత్తినాడనియు, వ్యాసుడు అడ్డువచ్చి విడిపించినాడనియు గల కథ అంత ప్రచారములో లేదు. వార్త చెప్పువానికి వచ్చు ఆపద యెట్టిదో మన పూర్వులకు తెలియని విషయము కాదని దానివలన స్పష్టమగుచున్నది.

నేటి సంజయులకు వ్యాసుని అండ లేదు. 2022 మే 11వ తేదీన పాలస్తీనా దేశమునందలి జెనీన్ శరణార్థి శిబిరము చెంత షిరీన్ అబూ ఆక్లే అను వార్తాహరురాలు తుపాకి గుండు తగిలి మరణించినది. ఆమె 1971లో జెరూసలేములో జన్మించినది. మొదట వాస్తుశాస్త్రము చదువ నారంభించి, దానిని విడిచి పత్రికారచన నభ్యసించి, 1997 మొదలు అల్ జజీరా వార్తాసంస్థలో పనిచేసినది. ఇరువదియైదేండ్లు తన ప్రజల కష్టములను తన ప్రజల నడుమనే నిలిచి లోకమునకు చెప్పినది. మరణించునాడు ఆమె తలపై శిరస్త్రాణమును, ఒడలిపై పత్రికాప్రతినిధి యని పెద్ద యక్షరములలో వ్రాసిన కవచమును ఉన్నవి. ఆ గుండు తమ సైనికునిదే యై, పొరపాటున తగిలియుండుటకు అవకాశము హెచ్చుగా నున్నదని ఇజ్రాయెల్ సైన్యము ఆ సెప్టెంబరులో ఒప్పుకొన్నది. అయినను ఎవరిమీదను అభియోగము మోపలేదు.

ఇట్టి వార్తలు చదివినపుడు, ఇవి యెక్కడనో దూరదేశముల సంగతులని మన పిల్లలు తలచుట సహజము. పెద్దలు సైతము అట్లే తలచుచున్నారు. కాని తెలుగునేలమీదనే, స్వాతంత్ర్యము వచ్చి నిండ యేడాది గడచిన యొక వారమునకు, ఒక పత్రికా సంపాదకుని నడివీధిలో కాల్చి, వ్రాసిన చేతులను నఱికివేసిరి. ఆయన పేరు షోయబుల్లా ఖాన్. ఆయన పత్రిక పేరు "ఇమ్రోజ్". ఆ జీవితమును ఉపాధ్యాయులును విద్యార్థులును ఒకమారు నెమ్మదిగా పరిశీలింపవలెనని ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

కాలము, దేశము

1947 ఆగష్టు 15వ తేదీన దేశమంతటను స్వాతంత్ర్యోత్సవములు జరుగుచుండగా హైదరాబాదు సంస్థానము ఆ యుత్సవమునకు వెలుపల నుండెను. సుమారు ఎనుబదిరెండు వేల చదరపు మైళ్ల దేశమది. కోటి యరువది లక్షలకు మించిన జనము. అందు పెక్కుమంది తెలుగువారు, తరువాత మరాఠీలు, కన్నడిగులు. పరిపాలనకు మాత్రము ఉర్దూభాష. నిజాం మీర్ ఉస్మాన్ ఆలీఖాన్ తాను స్వతంత్రుడుగా నుండదలచెను. నవంబరు 29వ తేదీన భారత ప్రభుత్వముతో ఒక్క యేడాది గడువుగల యథాతథపు ఒడంబడిక జరిగినది. ఆ యేడాదియే మన కథాకాలము.

ఆ కాలమున సంస్థానమునందు రెండు సంఘర్షణములు ఒక్కటిగా పెనవేసికొని సాగుచుండెను. ఒకటి భూమికొఱకు రైతుకూలీలు దొరలపై సాగించిన పోరు. రెండవది సంస్థానము భారతదేశమున కలియవలెనా, వలదా యను వివాదము. ఈ రెంటి నడుమ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకు చెందిన రజాకార్లు ఆయుధములు ధరించి గ్రామములపై బడసాగిరి. వారి నాయకుడు ఖాసిం రజ్వీ, లాతూరునందలి వకీలు. రజాకారను మాటకు స్వచ్ఛందముగా సేవచేయువాడని యర్థము. మంచి మాట చెడ్డచేతులలో బడినచో దాని గతి యేమగునో చూపుటకు ఇంతకంటె మంచి యుదాహరణము భాషాబోధకునకు దొరకదు. ఆ తరమువారికి ఆ మాట దోపిడికి, గృహదహనమునకు పర్యాయపదమైపోయినది.

మూడు పత్రికల జీవితము

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17వ తేదీన వరంగల్లు సీమలో జన్మించెను. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. పిల్లవాడు పుట్టిననాడే గాంధీమహాత్ముడు ఆ దారిని రైలులో పోయెననియు, అందుచేత తండ్రి కుమారుని గాంధీ యని ముద్దుగా పిలిచెడివాడనియు ఒక కథ ప్రచారమున నున్నది. కథ యెట్లున్నను, పెరిగిన తరువాత ఆ పిలుపునకు ఆయన తగినవాడే యయ్యెను.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడైన ముస్లిం యువకునకు ఆ సంస్థానమున సర్కారు కొలువు దుర్లభము గాదు. ఉర్దూ వచ్చినవాడు, చదువుకొన్నవాడు, ఏలికల మతమువాడు. ఆ మార్గమును కాదని ఆయన "తేజ్" అను ఉర్దూ పత్రికలో చేరెను. ప్రభుత్వమును విమర్శించినందులకు ఆ పత్రిక నిషేధింపబడినది. పిదప మందుముల నరసింగరావుగారు నడుపుచుండిన "రయ్యత్" దినపత్రికలో చేరెను. దానిని కూడ నిజాం ప్రభుత్వము మూయించినది. రెండు పత్రికలు మూతబడిన తరువాత మఱియొకడైనచో బుద్ధి తెచ్చుకొని వేఱొక జీవనోపాధి వెదకికొనెడివాడు. ఈయన మూడవ పత్రికను తానే పెట్టెను. బూర్గుల రామకృష్ణారావుగారి ప్రోత్సాహము, ఇంటివారి త్యాగము తోడుకాగా 1947 నవంబరులో "ఇమ్రోజ్" దినపత్రిక వెలువడినది. సంపాదకునకు అప్పటికి ఇరువదియేడేండ్లు.

ఈ పేర్లను గూర్చి ఒక్కమాట. "రయ్యత్" అనగా మన రైతే. ఆ అరబ్బీ మాటయే పారసీక భాషమీదుగా వచ్చి తెలుగునోట రైతు అయినది. మా నెల్లూరులో 1930లో వెలసిన వారపత్రిక పేరు "జమీన్ రైతు". నెల్లూరు వెంకట్రామానాయుడుగారు వెంకటగిరి జమీందారీ రైతుల పక్షమున దానిని నడిపిరి. ఇక్కడ జమీందారు, అక్కడ నవాబు. ఇక్కడ తెలుగు, అక్కడ ఉర్దూ. కాని పత్రిక శిరస్సుపై నిలిచిన మాట ఒక్కటే. ఇక "ఇమ్రోజ్" అనగా నేడు. అట్లే "ఖబర్" అను మాట మన పల్లెలలో కబురైనది. కబురు చెప్పుటయే ఈ వృత్తి. భాషలు ఇంత సులభముగా కలిసిపోయిన దేశమున మనుష్యులు కలిసియుండుట ఏల కష్టమయ్యెనో ఆలోచింపదగిన విషయము.

పగలు, రాత్రి

1948 జనవరి 29వ తేదీన "ఇమ్రోజ్" పత్రికలో ఒక సంపాదకీయము వెలువడినది. దాని శీర్షిక "పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము". ఆ శీర్షికయే సగము వ్యాసము. పగలు కచేరీలలో కూర్చుండి చట్టములను గూర్చి మాటలాడు ప్రభుత్వ మొకటి, ప్రొద్దుగ్రుంకిన వెనుక తుపాకులతో బయలుదేరు ప్రభుత్వము మఱియొకటి. రెంటికిని బాధ్యత యెవరిదని అడుగుటకు ఆ రెండు మాటలు చాలును. పత్రికారచనయందు ఉపమలకంటె, విశేషణములకంటె బలమైనది సరియైన పేరు పెట్టుట. జనులు భయముతో అనుభవించుచున్న దానికి ఎవడైన పేరు పెట్టినచో, ఆ భయము కొంత తగ్గును. దానిని కల్పించినవాని కోపము మాత్రము పెరుగును. అదే జరిగినది.

ఆ సంపాదకీయము వెలువడిన మఱునాడే గాంధీమహాత్ముడు ఢిల్లీలో హత్యకు గురియయ్యెను. హిందూ మతోన్మాది చేతిలో మహాత్ముడు, ఏడు నెలలు తిరుగకముందే ముస్లిం మతోన్మాదుల చేతిలో చిన్ననాటి "గాంధీ". ఇది కల్పించి చెప్పిన పోలిక కాదు, పంచాంగము చూపుచున్న సత్యము. ఇద్దఱిని చంపినవారును పరమతస్థులు గారు, స్వమతస్థులే.

రజాకార్ల చేష్టలను ఖండించినవారు షోయబ్ ఒక్కడే గాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన "గోలకొండ పత్రిక" తెలుగువారి మేలుకొలుపునకు చేసిన సేవ జగద్విదితము. సంస్థానమునకు వెలుపలి పత్రికలును వ్రాయుచునే యుండెను. అట్లయిన ఈయనపై మాత్రమే అంత పగ యేల? కారణము స్పష్టము. తెలుగు పత్రిక వ్రాసినచో, హిందువులు వ్రాసికొనుచున్నారని కొట్టివేయవచ్చును. ఢిల్లీ, మదరాసు పత్రికలు వ్రాసినచో శత్రువుల ప్రచారమనవచ్చును. ఉర్దూలో, ఉర్దూ చదువు ముస్లిం గృహస్థుల కొఱకు, ఒక ముస్లిం యువకుడు వ్రాసినపుడు ఈ సాకులేవియు చెల్లవు. పరాయివాని నిందను చెవిని బెట్టకుండుట సులభము. తనవాని ప్రశ్నను వినకుండుటకు ఒక్కటే మార్గము, ప్రశ్నించువానిని లేకుండ చేయుట.

1948 ఆగష్టు మాసమున ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేసిరి. సంస్థానము భారత యూనియనులో చేరుటయే మేలనియు, రజాకార్ల దుండగములను అరికట్టవలెననియు దాని సారాంశము. ఆ ప్రకటనను "ఇమ్రోజ్" అచ్చువేసినది. ముస్లిములందఱు రజ్వీ వెనుకనే యున్నారను మాట అబద్ధమని ఆ ప్రకటన అచ్చులో నిలిచి సాక్ష్యమిచ్చినది. అటుపిమ్మట బెదరింపు జాబులు వచ్చినవి. తమకు వ్యతిరేకముగా లేచు చేతులు నఱకబడునని రజ్వీ ఆగష్టు 19వ తేదీన బహిరంగసభలో గర్జించినట్లు ఆనాటి వృత్తాంతములు తెలుపుచున్నవి.

ఆగష్టు 21వ తేదీ రాత్రి షోయబ్ పత్రిక పనులు ముగించుకొని బావమఱదితో కూడ ఇంటికి బయలుదేరెను. అప్పటికి నడిరేయి దాటినది. కాచిగూడ ప్రాంతమున చప్పల్‌బజారు చెంత దుండగులు ఆయనను అడ్డగించి, తుపాకితో కాల్చి, రెండు చేతులను నఱికిరి. అడ్డుపడిన బావమఱది చేతిని కూడ నఱికిరి. తెల్లవారకముందే షోయబుల్లా ఖాన్ ప్రాణములు విడిచెను. ఇరువదియెనిమిదవ యేడు ఇంకను నిండలేదు. ఆయన సంపాదకత్వము తొమ్మిది నెలలు సాగినది.

తరువాతి కథ

చంపినవారు కోరినది కలుగలేదు. ఆగష్టు 27వ తేదీన భైరాన్‌పల్లి గ్రామముపై జరిగిన ఘోరమారణకాండ వంటివి యింకను కొన్ని జరిగినవి. సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యములు సంస్థానమున ప్రవేశించినవి. 17వ తేదీన నిజాం లొంగిపోయెను. షోయబ్ మరణించిన ఇరువదియారు దినములకు ఆయన కోరిన విలీనము జరిగినది. రజ్వీ పట్టుబడి, కారాగారవాసము చేసి, 1957లో విడుదల పొంది పాకిస్థానునకు వెడలిపోయెను.

కథను ఇక్కడ ముగించుట చదువరులకు హాయిగా నుండును. పెక్కుమంది ఇక్కడనే ముగింతురు. కాని షోయబ్‌ను గౌరవించువారు తరువాతి పుటను కూడ చదువవలెను. సైనికచర్య జరిగిన నాళ్లలోను, దాని వెనువెంటను, సంస్థానమునందలి పలు జిల్లాలలో, ముఖ్యముగా మరాఠ్వాడా ప్రాంతమున, రజాకార్లతో ఏ సంబంధమును లేని సామాన్య ముస్లిములు వేలకొలదిగా చంపబడిరి. నెహ్రూ ప్రభుత్వము పంపగా పండిత సుందర్‌లాల్ నాయకత్వమున ఒక సంఘము 1948 నవంబరు, డిసెంబరు మాసములలో ఆ ప్రాంతములు తిరిగి నివేదిక సమర్పించినది. మృతుల సంఖ్య తక్కువలో తక్కువ ఇరువదియేడు వేలనుండి నలుబది వేలవఱకు నుండునని ఆ సంఘము అంచనా వేసినది. ఆ సంఘ సభ్యులలో నొకరు ఖాజీ అబ్దుల్ గఫార్. హైదరాబాదునందు "పయాం" అను ఉర్దూ పత్రికను స్థాపించి నడిపిన సంపాదకుడు ఆయనయే. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు.

షోయబ్ జీవించియుండినచో ఏమి వ్రాసియుండెడివాడు? మరణించినవాని నోట మాటలు పెట్టుట న్యాయము గాదు. కాని ఆయన వ్రాసిన పద్ధతి మన యెదుట నున్నది. బలము ఎవని చేతనున్నదో వానిని బాధ్యత యేమని అడుగుట ఆయన పద్ధతి. తనవారి తప్పును తనవారికి తనవారి భాషలోనే చెప్పుట ఆయన పద్ధతి. ఆ పద్ధతి పక్షము మారినంతనే మారునది కాదు. కావున ఒక మతమును నిందించుటకు ఆయన పేరును ఆయుధముగా వాడుకొనువారును, ఆయన కథ తమకు ఇబ్బందిగా నున్నదని మఱచిపోవువారును ఆయనకు సమానముగనే అపచారము చేయుచున్నారు. ఆయనను చంపినవారు ముస్లిములు, ఆయనయు ముస్లిము, ఆయన పత్రికలో ప్రకటన చేసిన ఏడుగురును ముస్లిములే. ఒక మతమంతటికిని ఒక్క ముఖమే యున్నదని చెప్పువారికి ఈ ఒక్క కథ చాలును.

ఆ దారిని నడచినవారు

భారతదేశమున ఈ దారిని మొదట నడచినవాడు షోయబ్ గాడు. 1857లో "దిల్లీ ఉర్దూ అఖ్బార్" సంపాదకుడు మౌల్వీ మహమ్మద్ బాఖర్‌కు ఆంగ్లేయులు మరణదండన విధించిరి. 1908లో మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ "స్వరాజ్య" పత్రికయందు వ్రాసిన వ్రాతలకుగాను మూడేండ్లు చెరసాల యనుభవించిరి. 1931 మార్చి 25వ తేదీన కాన్పూరు మతకల్లోలములలో, "ప్రతాప్" సంపాదకుడు గణేశశంకర విద్యార్థి ఇరుమతములవారిని కాపాడబోయి ప్రాణములు కోల్పోయెను. బాఖర్‌ను చంపినది పరప్రభుత్వము. విద్యార్థిని చంపినది మదించిన గుంపు. షోయబ్‌ను చంపినది ఆ రెంటికిని నడుమనున్నట్టిది, ప్రభుత్వము చూచి చూడనట్లుండగా పెరిగిన గుంపు. మూటిలో మిక్కిలి ప్రమాదకరమైన దిదియే. దీనిని శిక్షింపవలసిన చేయి దీనిని పెంచిన చేయియు నొక్కటే.

ఈ యంశమును లోకము ఆలస్యముగానైనను గుర్తించినది. పాత్రికేయులను చంపినవారు శిక్ష తప్పించుకొనుటను అంతమొందింపవలెనని ఐక్యరాజ్యసమితి 2013లో తీర్మానించి, నవంబరు 2వ తేదీని అందులకు ప్రత్యేకించినది. గాజాలో యుద్ధవార్తలను పంపుచున్న పాలస్తీనా పాత్రికేయులకు యునెస్కో సంస్థ 2024లో పత్రికాస్వాతంత్ర్య బహుమాన మొసగినది. ఆ బహుమానము 1986లో బొగోటా నగరమున తన పత్రికా కార్యాలయము ముందరనే హత్యకు గురియైన గిల్లెర్మో కానో అను కొలంబియా సంపాదకుని పేరిట నెలకొన్నది. కాచిగూడ, బొగోటా, జెనీన్: భాషలు వేఱు, పగలు వేఱు. ఇంటికి పోవుచుండగనో, పనికి పోవుచుండగనో కూలిన మనిషి మాత్రము ఒకే వృత్తికి చెందినవాడు.

మన యూరికేమి సంబంధము

బుచ్చిరెడ్డిపాలెములో కూర్చుండి హైదరాబాదు సంపాదకుని గూర్చి వ్రాయుట ఏలయని యెవరైన అడుగవచ్చును. సంబంధ మున్నది. ఈ యూరిలో 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతనమున చదివి, 1955లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి యయిరి. "ఇమ్రోజ్" పుట్టుటకు తోడ్పడిన బూర్గుల రామకృష్ణారావుగారు 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి యయిరి. 1956 ఫిబ్రవరి 20వ తేదీన కుదిరిన పెద్దమనుషుల ఒప్పందముపై ఈ యిద్దఱి చేవ్రాళ్లును ఉన్నవి. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన రెండు రాష్ట్రములందలి తెలుగు ప్రాంతములు ఒక్కటైనవి. 2014లో మరల వేఱైనవి. రాష్ట్రముల యెల్లలు కలియును, విడిపోవును. వాని వెనుకనున్న చరిత్ర మాత్రము ఇరువురిదిగనే నిలుచును. అంతియే కాదు, గోపాలరెడ్డిగారు 1962లో కేంద్రమున సమాచార ప్రసారశాఖ మంత్రి యయిరి. పత్రికలకు, ప్రభుత్వమునకు నడుమనుండు సన్నని గీత యెంత సున్నితమైనదో తెలిసికొనదగిన పదవి యది.

ఇక ఉపాధ్యాయులకు ఒక మనవి. షోయబ్ కథను వీరగాథగా చెప్పి, పిల్లలచేత చప్పట్లు కొట్టించి ముగింపవలదు. మఱునాడు తరగతికి రెండు దినపత్రికలు తెండు. ఒకే సంఘటనను అవి యెట్లు వ్రాసినవో పిల్లలచేత ప్రక్కప్రక్కన వ్రాయింపుడు. చూచినవా డెవడు, విని చెప్పినవా డెవడు, ఏ పక్షమువాని మాట ఇందు లేదు, ఈ వార్త వ్రాసినందువలన వ్రాసినవానికి లాభము గలదా, నష్టము గలదా యని అడుగనిండు. కర్మణి ప్రయోగము బోధించునపుడు, "చంపబడిరి" అను క్రియకు కర్త యెవడని ప్రశ్నింపుడు. వ్యాకరణము నేర్పు చోటనే పౌరధర్మము కూడ నేర్పవచ్చును. కర్తను దాచిన వాక్యము అచ్చైన చోటనెల్ల ఎవనికో భయపడుచున్న విలేఖరి యుండును, లేదా ఎవనికో కొలువు చేయుచున్న విలేఖరి యుండును. షోయబ్ వాక్యములలో కర్త దాగియుండలేదు. ఆయన చేతులు పోయినది అందువలననే.

విద్యార్థులకును ఒక మాట. ధైర్యమనగా శత్రువును తిట్టుట యని మీకు పలువురు చెప్పుదురు. అది చప్పట్లు తెచ్చిపెట్టు పని. అందు గొప్ప యేమియు లేదు. మీ వీధివారు, మీ కులమువారు, మీ మతమువారు, మీ స్నేహితులు తప్పుచేసినపుడు, వారి నడుమ నిలిచి, వారి మాటలలోనే, ద్వేషము లేకుండ, ఇది తప్పు అని చెప్పగలుగుట ధైర్యము. అట్టి ధైర్యమునకు బహుమానములు లేవు. ఆయన చేసిన పని యది.

ఏటేట ఆగష్టు 15వ తేదీన పాఠశాలలలో జెండా ఎగురవేయుచున్నాము. దాని తరువాత సరిగా వారము దినములకు ఆగష్టు 22 వచ్చును. ఆనాడు సభలు, ఉపన్యాసములు అవసరము లేదు. తరగతిలో ఆ పేరొకమారు ఉచ్చరించి, "ఇమ్రోజ్" అనగా నేడు అని నల్లబల్లపై వ్రాసి, ఆనాటి పత్రికలో మొదటి వార్తను పిల్లలచేత నిదానముగా చదివించినచో చాలును.